వంటవాడు లేని వంటశాల

దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో పట్టణమున, రిచర్డ్, మారిస్ అను మెక్‌డొనాల్డ్ సోదరులు, 1948వ సంవత్సరపు శరత్కాలమున, నిండు లాభములతో నడచుచున్న తమ భోజనశాలను తామే మూసివేసిరి. ఎనిమిదేండ్లుగా ఆ ప్రాంతపు యువజనమంతయు కార్లను తెచ్చి దాని ముంగిట నిలుపుకొని, సుమారు 20 మంది పడుచులు పళ్లెరములతో కారు కారుకును తిరిగి వడ్డించుచుండగా, దిగకయే తినిపోవుచుండిరి. ఆ సందడి చూచినవారికి ఇంతకంటె కావలసినదేమి యనిపించును గాని, లెక్కల పుస్తకము ముందు కూర్చుండిన అన్నదమ్ములకు వేరొక చిత్రము గోచరించెను. పట్టికలో 25 రకముల వంటకములున్నను అమ్మకములో నూటికి 80 పాళ్లు హాంబర్గరుదే. పింగాణి పళ్లెములును గాజుగ్లాసులును పగులుటయు మాయమగుటయు నిత్యకృత్యము. నేర్పుగల వంటవాడు దొరకుట కష్టము, దొరకినవాడు నిలుచుట మరియు కష్టము.

మూడు నెలల తరువాత తలుపులు తెరచునప్పటికి 25 వంటకములు 9 అయ్యెను. కత్తియు చెంచాయు లేక తినరానిదేదియు పట్టికలో మిగులలేదు. పింగాణి పోయి కాగితము వచ్చెను. వడ్డించు పడుచులు లేరు. కొనువాడే కిటికీ కడకు నడచివచ్చి, డబ్బు చెల్లించి, పొట్లము పుచ్చుకొని పోవలెను. హాంబర్గరు వెల 15 సెంట్లు. లోపల ఒకడు మాంసపు బిళ్లలను కాల్చును, ఒకడు రొట్టెలో అమర్చి ఆవపొడి ముద్దయు టొమాటో రసమును ఉల్లిముక్కలును ఒకే తీరున వేయును, ఒకడు దుంపముక్కలను నూనెలో దింపును, ఒకడు పాలపానీయము కలుపును. తన పని తప్ప పక్కవాని పని ఎవనికిని అక్కరలేదు. అటుతరువాత క్రొత్త కట్టడము తలపెట్టినప్పుడు ఆ సోదరులు తమ ఇంటి టెన్నిసు ఆటస్థలమున సుద్దతో వంటింటి కొలతలు గీసి, పనివారిని అచ్చటికి రప్పించి, లేని పొయ్యిల నడుమ వంట చేయుచున్నట్లు నడిపించి, ఎవని అడుగు ఎచ్చట వృథా యగుచున్నదో చూచి, ఆ గీతలను చెరిపి మరల గీసిరి. హెన్రీ ఫోర్డు మోటారుకార్ల కర్మాగారమున అనుసరించిన పద్ధతి ఆ విధముగా పొయ్యి కడకు వచ్చి చేరెను.

ఫాస్ట్‌ఫుడ్ పరిశ్రమ వెనుక దాగినదేమని అడుగువారు సాధారణముగా కొవ్వును గూర్చియు, ఉప్పును గూర్చియు, స్థూలకాయమును గూర్చియు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలు తగినవే. కాని నా అభిప్రాయమున అంతకంటె మూలమునకు పోవలసిన సంగతి యొకటి కలదు: అది, వంటశాల నుండి వంటవానిని తొలగించుట. మన ఊరి టిఫిను హోటలులో అట్టు వేయు మాస్టరు సెలవు పెట్టిన నాడు, నిత్యము వచ్చువారు మొదటి ముక్క నోట బెట్టుకొనగానే గుర్తింతురు. పిండి పులుపు, పెనము వేడి, నూనె చుక్క వేయవలసిన క్షణము, ఇవన్నియు అతని చేతిలో నున్నవి గాని గోడమీది కాగితములో లేవు. అట్టి చేయి ఒకటి యున్నంతవరకు యజమాని దాని నాశ్రయింపక తప్పదు, దానికి తగిన జీతము ఈయక తప్పదు, అది లేనిచోట రెండవ అంగడి తెరువను జాలడు. మెక్‌డొనాల్డ్ సోదరులు కనుగొన్నది క్రొత్త వంటకము కాదు. ఎవరు వండినను ఒకటే యగునట్లు, ఎవరు పోయినను ఆగనట్లు, వంటను వంటవాని చేతినుండి విడదీయు ఉపాయము.

దానివలన జనులకు మేలు కలుగలేదనుట న్యాయము కాదు. అంతవరకు హోటలు భోజనము ఎరుగని కూలినాలి కుటుంబములు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, కొద్దిపాటి పైకముతో శుభ్రమైన చోట కడుపునిండ తినగలిగెను. ఆ సోదరులు దీనిని గర్వముగా చెప్పుకొనిరి, చెప్పుకొనదగినదే. అయినను వంటవాని పని ఆ కిటికీ వెనుక మాయమైనదే కాని లోకమున మాయము కాలేదు. దుంపను ఎంచుట, ఒలుచుట, తరుగుట, మాంసమును కోయుట, రుచి చూచుట, ఇవి ఎవరో యొకరు చేయవలసినవే. అవి ఎచ్చటికి పోయినవో వెదకికొనుచు పోయినవారికి ఈ పరిశ్రమ యొక్క నిజరూపము కనబడును.

వ్యాపారచరిత్రను రెండు మాటలలో ముగింతును. పాలపానీయములు కలుపు యంత్రముల నమ్ముకొను రే క్రాక్ అను 52 ఏండ్ల వర్తకుడు, ఒక్క అంగడికి అట్టి యంత్రములు ఎనిమిది ఎందులకాయని ఆశ్చర్యపడి, 1954లో శాన్ బెర్నార్డినో వచ్చి చూచెను. మరుసటి సంవత్సరము ఏప్రిలు నెలలో ఇల్లినాయిసు రాష్ట్రమున డెస్‌ప్లేన్స్ అనుచోట తన మొదటి శాఖను తెరచెను. 1961లో 27 లక్షల డాలర్లకు సోదరుల హక్కులన్నియు కొనెను. వారు తమ పాత అంగడిని మాత్రము ఉంచుకొనిరి గాని తమ పేరు తాము పెట్టుకొను హక్కు పోయినది; దానికి బిగ్ ఎమ్ అని పేరు మార్చుకొనగా, క్రాక్ దాని చెంతనే తన శాఖను తెరచి దానిని మూతపడజేసెను. క్రాక్ నడపిన మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఆర్థికనిర్మాణమున నిజమైన మలుపు తెచ్చినవాడు హ్యారీ సానెబోర్న్. శాఖ పెట్టుకొనగోరువానికి స్థలమును సంస్థయే కౌలునకు తీసి హెచ్చు అద్దెకు మరల ఇచ్చు పద్ధతిని అతడు 1956లో ప్రవేశపెట్టెను. నేడు నూరింటికి పైగా దేశములలో, 40,000కు మించిన ఆ శాఖలలో నూటికి 95 వరకు వేరువారు నడుపునవే. వారినుండి సంస్థకు వచ్చు రాబడిలో పేరు వాడుకొనినందులకు చెల్లించు రుసుము కంటె అద్దెయే అధికము. హాంబర్గరు అమ్ముడుపోయినను పోకున్నను అద్దె ఈయక తప్పదు. ఆ అద్దెకు సరిపడ మిగులవలెనన్న శాఖ నడుపువానికి తగ్గించుకొనదగిన ఖర్చు ప్రధానముగా ఒకటే, అది పనివాని జీతము.

ఇక దుంప కథ. దీనిని కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయన ఈ పరిశ్రమ పనితీరు అందులో స్పష్టముగా కనబడినంత మరెచ్చటను కనబడదు.

మొదటి రోజులలో ప్రతి శాఖయందును దుంపలను అచ్చటనే ఒలిచి, తరిగి, నీట కడిగి, వేపెడివారు. ఫ్రెంచి ఫ్రైస్ అన్నచో క్రాక్‌నకు భక్తివంటి శ్రద్ధ. కాని దుంప జీవముగల వస్తువు. త్రవ్విన వెంటనే యొకరీతిగను, నిలువయుంచిన పిదప మరియొకరీతిగను వేగును. దానిలోని చక్కెర హెచ్చినచో లోపల పచ్చిగా నుండగానే పైపొర నల్లబడును. దీనిని కనిపెట్టి సరిదిద్దుకొనుట వంటవాని నేర్పు. నేర్పు అక్కరలేని వంటశాలకు ఇది యొక విఘ్నము. ఆ విఘ్నమును తొలగించినవాడు ఐడహో రాష్ట్రపు జె. ఆర్. సింప్లాట్. పదునాలుగేండ్ల ప్రాయమున బడి మాని, వ్యవసాయమున దిగి, రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమునకు ఎండబెట్టిన దుంపలను ఉల్లిగడ్డలను సరఫరాచేసి సంపన్నుడైన ఈతని కర్మాగారమున, రే డన్‌లాప్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1940ల నడుమ, ముక్కలను సగము వేపి గడ్డకట్టించి నిలువచేయు పద్ధతిని సాధించెను. గృహిణులు దానిని అంతగా ఆదరింపలేదు. ఇంటి పొయ్యిపై మరల వేపుట వారికి శ్రమగా తోచెను. 1960ల ద్వితీయార్ధమున క్రాక్, సింప్లాట్ కలిసికొని, కాగితము వ్రాసికొనకయే, చేయి చేయి కలిపి ఒప్పందము చేసికొనిరి. మరికొన్ని యేండ్లకు ఆ సంస్థ శాఖలలో దుంప ఒలుచువాడు లేకుండ పోయెను.

ఇప్పుడా పని జరుగు తీరు వినుడు. ట్రక్కులలో వచ్చిన దుంపలను కడిగి, ఆవిరితో తొక్క ఊడగొట్టి, నీటి గొట్టములలోనికి పంపుదురు. ఆ నీరు సెకనుకు 100 అడుగులకు మించిన వేగమున పారుచు, కత్తుల చట్రమునకు దుంపను విసరి కొట్టగా, అది ఆ ప్రక్కకు సమమైన పలుకలుగా వెలువడును. గిల్బర్ట్ లాంబ్ 1960 ప్రాంతమున కనుగొన్న యంత్రమిది. అటుపైన ముక్కలను వేడినీట ముంచి సహజముగా నున్న చక్కెరను కడిగివేయుదురు, ఆ వెంటనే అన్ని కాలములందును ఒకే బంగారువన్నె తేలునట్లు కొలిచిన చక్కెరనీటిని పట్టింతురు, నల్లబడకుండ నొక లవణమును చేర్తురు, సగము వేపుదురు, గడ్డకట్టింతురు. ఋతువును బట్టి మారుట దుంపకు ప్రకృతి సిద్ధము. ఆ మార్పును చెరిపివేయుటకే ఇంత ప్రయాస. అంగడిలోని కుర్రవాడు బుట్టను నూనెలో దింపి, గంట మ్రోగగానే పైకెత్తును. అతనికి దుంప గూర్చి తెలియవలసినదేదియు లేదు.

ఈ యంత్రమునకు ఏ దుంపయైనను పనికిరాదు. పొడవుగాను, పిండి హెచ్చుగను నీరు తక్కువగను ఉండు రసెట్ బర్బ్యాంక్ జాతి కావలెను. ఆ జాతికి దీర్ఘకాలపు పంట, తెంపులేని నీరు, మందుల చల్లింపు అవసరము. ఐడహో రైతు వేలకొలది ఎకరములలో ఒకే జాతిని నాటుచు, ఖరీదైన నీటియంత్రములకు అప్పు తెచ్చుచు, పంట కొనువారు మాత్రము చేతివ్రేళ్లమీద లెక్కింపదగినవారై యుండుట చూచుచున్నాడు. ఎరిక్ ష్లాసర్ అను పత్రికారచయిత ఈ పరిశ్రమపై 2001లో వెలువరించిన గ్రంథమున, ఒకటిన్నర డాలరు పెట్టి కొనిన పెద్ద పొట్లములో రైతు చేతికి చేరునది బహుశః రెండు సెంట్లని లెక్కకట్టెను. పంట బాగుగ పండిన యేడు ధర పడిపోవుట, పండని యేడు అప్పు మిగులుట మన రైతులకును తెలిసిన బాధయే. అచ్చటి విశేషమేమనగా, పొట్లము వెల మాత్రము పంట ననుసరించి తగ్గదు.

రుచి సంగతి మరియొక విధము. ఆ దుంపముక్కలకు పేరు తెచ్చినది దుంప కాదు, వేపిన కొవ్వు. దశాబ్దములు దానిలో అధికభాగము గొడ్డుకొవ్వు. హృద్రోగమునకు గురియై కోలుకొనిన ఫిల్ సొకొలోఫ్ అను వ్యాపారి, సొంత ధనముతో వార్తాపత్రికలలో పూర్తి పుటల ప్రకటనలు వేయించి చేసిన పోరాటము ఒక కారణముగా, 1990లో ఆ సంస్థ అమెరికాలో శాకనూనెకు మారెను. శాకనూనె అని విని, వేలకొలది శాకాహారులు, వారిలో అచ్చట స్థిరపడిన భారతీయులు, ఇక సంకోచము లేదని తినసాగిరి. కాని పాత రుచి పోరాదు గదా! కర్మాగారముననే గొడ్డుమాంసము నుండి తీసిన రుచిద్రవ్యమును చేర్చుచుండిరి. పొట్లపు వివరములలో అది సహజమైన రుచి అను మాటగా మాత్రమే కనబడెను. 2001లో సియాటిల్ నగరమున న్యాయవాది హరీశ్ భారతి హిందువుల పక్షమునను శాకాహారుల పక్షమునను దావా వేయగా ఈ విషయము లోకమునకు తేటపడెను. సంస్థ క్షమాపణ చెప్పి, 2002లో శాకాహార, హిందూ సంఘములు మొదలగువానికి కోటి డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. భారతదేశమున అమ్మువానిలో అట్టిది లేదని అది తెలిపినది. ఇచ్చట ధనము ప్రధానము కాదు. పరదేశమున నుండియు ఏండ్లకొలది నియమము తప్పక కాపాడుకొంటిమని నమ్మిన వృద్ధురాలికి, నీవు ఎరుగకయే నీ నియమము భగ్నమైనదని తెలిసినచో కలుగు వేదనను ఏ న్యాయస్థానము తూచగలదు? వంటవాడు ఎదుట నున్న అంగడిలో, అయ్యా, ఇందులో ఏమేమి వేసినారని అడుగవచ్చును. కుర్రవానికే తెలియని చోట ఎవరిని అడుగుట?

మాంసము కథ ఇంకను కఠినము. 1968లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఖైమాను 175 మంది స్థానిక వర్తకుల కడ కొనుచుండెను. అన్ని శాఖలయందును ఒకే రుచి యుండవలెనను పట్టుతో కొన్ని యేండ్లలో వారిని ఐదుగురికి తగ్గించెను. అదే కాలమున అయోవాలో 1960 నాట పుట్టిన ఐ.బి.పి. అను మాంసపు సంస్థ, వధశాలను నగరమునుండి పల్లెకు తరలించి, నేర్పుగల కసాయి చేయు పనిని ముక్కలు చేసి, ఒక్కొక్కనికి ఒక్క కత్తివేటు చొప్పున రోజంతయు అదే పని పంచిపెట్టెను. వంటశాలలో జరిగినదే వధశాలలోను జరిగినది. మాంసపు పనివారికి యూనియన్లును మంచి జీతములును ఉండిన చికాగో నగరపు ప్రసిద్ధమైన పశువుల అంగడి 1971లో మూతపడెను. అమెరికాలో ఒకప్పుడు కర్మాగారపు ఉద్యోగములలో గౌరవమైన వేతనము గల ఆ పని, ఒక తరము గడవకముందే, క్రొత్తగా వలసవచ్చిన బీదలు తప్ప ఎవరును చేరనిదాయెను. గొలుసుకు వ్రేలాడు పశుకళేబరములు ఆగక సాగుచుండగా, వేల పర్యాయములు అదే కోత కోయు చేతుల నరములు పట్టివేయును. తొట్రుపడినచో కత్తి పక్కవానికి తగులును.

ఒకే కర్మాగారమున ఖైమా తయారగుటవలన మరియొక అపాయము పుట్టెను. పూర్వము ఒక పశువునకు రోగమున్నచో ఒక వీధి వారికి కీడు కలిగెడిది. వందలాది పశువుల మాంసము ఒక్క తొట్టిలో కలిసినప్పుడు ఆ కీడు రాష్ట్రములు దాటును. ఈ.కోలై సూక్ష్మజీవులలో ఓ157 అను ప్రాణాంతకమైన జాతిని, 1982లో ఓరెగాన్, మిషిగన్ రాష్ట్రములలో హాంబర్గర్లు తిని జబ్బుపడినవారి మూలమున శాస్త్రజ్ఞులు మొదట గుర్తించిరి. పదేండ్ల తరువాత, 1993 ఆరంభమున, జాక్ ఇన్ ది బాక్స్ అను సంస్థ శాఖలలో తిన్నవారు వాషింగ్టను మొదలగు నాలుగు రాష్ట్రములలో 700 మందికి పైగా జబ్బుపడిరి. ఆ జీవి విషము పసిపిల్లల మూత్రపిండములను చెరుపును; నలుగురు చిన్నపిల్లలు మరణించిరి. మాంసపు బిళ్ల లోపల 155 డిగ్రీల ఫారెన్‌హీటు వేడి చేరునట్లు కాల్చవలెనని వాషింగ్టను రాష్ట్రము అంతకుముందే నియమము చేసియుండెను. ఆ శాఖలు 140 డిగ్రీల పాత కొలతనే పాటించుచుండెను. వంట తెలిసినవాడు బిళ్లను విరిచి చూచి, లోన ఎర్రగా నున్నదని మరల పెనముపై వేసియుండును. అచ్చట గడియారము చెప్పినదే వంట. ఆ పిల్లల తల్లిదండ్రులు ఊరకుండలేదు. వారి పట్టుదలవలన 1994లో అమెరికా ప్రభుత్వము ఆ సూక్ష్మజీవి యున్న ఖైమాను కల్తీ సరకుగా ప్రకటించెను. అంతవరకు దానిని అమ్ముట నేరము కాకుండెనను సంగతి తలచుకొనిన నాకు నేటికిని గుండె బరువెక్కును.

కోడి సంగతి మన రైతులకు పరిచితమే. 1983లో ఎముకలు లేని కోడిముక్కలు అమెరికా అంతట అమ్మకమునకు వచ్చిన పిమ్మట, అంతవరకు ఆదివారపు భోజనమునకై కొనుచుండిన కోడి, కర్మాగారపు ముడిసరకు కాసాగెను. పిల్లయు మేతయు మందును సంస్థవి. షెడ్డును, కరెంటు బిల్లును, బ్యాంకు అప్పును రైతువి. నేడు తెలుగు జిల్లాలలో ఇంటిగ్రేషన్ అను పేర సాగుచున్న కోళ్లఫారముల ఏర్పాటును ఇదే తీరు: కోడి రైతు షెడ్డులో పెరుగునే గాని రైతుది కాదు, కిలోకు ఇంతయని పెంపకపు కూలి మాత్రము అతనిది. ధర పడిపోయిన నాడు నష్టము సంస్థ భరించుట రైతునకు కొంత నెమ్మది నిచ్చునన్నది నిజమే. కాని ఏ కోడి పెంచవలెనో, ఏమి మేపవలెనో, ఎప్పుడు అమ్మవలెనో నిర్ణయింపజాలనివాడు రైతు కంటె కూలివానికే సన్నిహితుడు.

ఇంక అంగడిలోని పనివారు. నేర్పు అక్కరలేని పని గనుక ఎవరినైనను చేర్చుకొనవచ్చును, ఎవరినైనను పంపివేయవచ్చును. 1972లో పదునారు, పదునేడేండ్ల పిల్లలకు కనీసవేతనమున 20 శాతము తగ్గించి ఈయవచ్చునను ప్రతిపాదన అమెరికా చట్టసభకు వచ్చినప్పుడు జనులు దానికి మెక్‌డొనాల్డ్స్ బిల్లు అని పేరుపెట్టిరి. ఆ యేటనే క్రాక్ అధ్యక్షుడు నిక్సను ఎన్నికల నిధికి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చియుండెను. ఆ బిల్లు చట్టము కాలేదు. నలుబదియేండ్లు గడచిన పిదప, 2012 నవంబరులో, న్యూయార్కు నగరమున సుమారు 200 మంది ఫాస్ట్‌ఫుడ్ పనివారు పని నిలిపి వీధికి వచ్చి గంటకు 15 డాలర్లు కావలెననిరి. ఆ సంఖ్యను విని ఆనాడు నవ్వినవారున్నారు. 2024 ఏప్రిలు నుండి, ఈ పద్ధతి పుట్టిన కాలిఫోర్నియా రాష్ట్రముననే, పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థల పనివారికి గంటకు 20 డాలర్ల కనీసవేతనము చట్టమైనది. ఫ్లోరిడాలోని ఇమ్మొకాలీ పట్టణపు టొమాటో కూలీల గాథ ఇంతకంటెను ఉత్తేజకరము. 32 పౌన్ల బకెట్టు నింపినచో ఆనాడు వారికి ముట్టుచుండినది 40, 45 సెంట్లు. భూస్వామిని అడిగి లాభములేదని, ఆ టొమాటోలను కొను టాకో బెల్ సంస్థయందు తినవద్దని 2001లో దేశమంతట ప్రచారమారంభించిరి. నాలుగేండ్ల తరువాత పౌనుకు ఒక సెంటు హెచ్చించుటకు ఆ సంస్థ ఒప్పుకొనెను. పిమ్మట మెక్‌డొనాల్డ్స్, బర్గర్ కింగ్ సంస్థలును దిగివచ్చెను. ఆంగ్లము కూడ సరిగా రాని వలసకూలీలు, అమ్ము కిటికీకిని పండు కోయు చేనికిని నడుమనున్న గొలుసును కనిపెట్టి, దానిని పట్టి లాగగలిగిరి.

భారతదేశమునకు మెక్‌డొనాల్డ్స్ 1996 అక్టోబరులో ఢిల్లీలో తెరచిన శాఖతో వచ్చెను. అంతకు ముందటి యేడే బెంగుళూరులో కెంటకీ ఫ్రైడ్ చికెన్ సంస్థ వచ్చియున్నది. గొడ్డుమాంసమును పందిమాంసమును విడిచి, శాకాహారపు వంటకు వేరు గదులు, వేరు పాత్రలు నియమించి, బంగాళాదుంప టిక్కీని రొట్టెలో పెట్టి, మెక్‌డొనాల్డ్స్ మన అభిరుచి కెంతో ఒదిగెను. ఆహారము మారినది, వంటశాల మారలేదు. మన దుంపలు నీరు హెచ్చై, పొట్టివై, ఆ యంత్రమునకు ఒదుగకుండుటచే మొదట గడ్డకట్టిన ముక్కలను విదేశముల నుండి తెప్పించిరి. పిదప మెక్కెయిన్ అను కెనడా సంస్థ గుజరాతులోని మెహసానా జిల్లాలో కర్మాగారము నెలకొల్పి, యంత్రమునకు సరిపోవు విదేశపు జాతులను అచ్చటి రైతులచే ఒప్పందము మీద పండింపసాగెను. తుంపరసేద్యము నేర్చుకొని, ముందుగా నిశ్చయించిన ధర పొంది, సంతోషించిన రైతులు అచ్చట కలరు, దానిని కాదనను.

అయితే అదే గుజరాతులో, చిప్సు తయారుచేయు పెప్సికో సంస్థ, తాను రిజిస్టరు చేసికొనిన ఎఫ్.సి.5 అను దుంపజాతిని ఒప్పందము లేకుండ పండించినారని, 2019 ఏప్రిలులో నలుగురు చిన్నరైతులపై, ఒక్కొక్కరు కోటి రూపాయలకు పైగా నష్టపరిహారము చెల్లింపవలెనని అహ్మదాబాదు న్యాయస్థానమున దావా వేసెను. కొద్ది ఎకరముల రైతునకు ఆ మొత్తము ఏడు తరములలో తీరునది కాదు. దేశమంతట నిరసన చెలరేగగా మే నెలలో సంస్థ దావాలను ఉపసంహరించుకొనెను. రైతు హక్కులకై పనిచేయు మన కవిత కురుగంటి అంతటితో విడువక, అసలా రిజిస్ట్రేషనే చెల్లదని మొక్కజాతుల సంరక్షణాధికార సంస్థ యెదుట వాదించి, 2021 డిసెంబరులో దానిని రద్దుచేయించెను. 2024 జనవరిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానపు ధర్మాసనము ఆ రద్దును కొట్టివేసెను. వంటవాని చేతినుండి వంటను, కసాయి చేతినుండి కత్తిని వేరుచేసిన పద్ధతి, రైతు చేతిలోని విత్తనము వరకు వచ్చినదనుటకు ఈ వ్యాజ్యము కంటె వేరు సాక్ష్యము నాకు కనబడలేదు. కాని అమెరికా రైతునకు లేని యొక అండ మన రైతునకు కలదు: 2001లో మన పార్లమెంటు చేసిన మొక్కజాతుల సంరక్షణ, రైతుల హక్కుల చట్టములోని 39వ విభాగము. తన పంటలో వచ్చిన విత్తనమును దాచుకొనుటకు, నాటుకొనుటకు, ఇరుగుపొరుగులతో మార్చుకొనుటకు, బ్రాండు పేరు లేకుండ అమ్ముకొనుటకు రైతునకు హక్కున్నదని, ఆ జాతి ఎవరి పేర రిజిస్టరైనను ఆ హక్కు పోదని అందు వ్రాసియున్నది. ఈ విభాగము తెలుగు పాఠము ప్రతి రైతుసేవా కేంద్రములోను, ప్రతి రైతువేదికలోను గోడకు అంటింపవలసినది.